కుడిపక్క గాలి

సాయిదుర్గ మొట్టమొదట పడవెక్కింది కోపంతో.

తండ్రి గురువులు వేటకి వెళ్ళేటప్పుడు కొడుకు సన్నీని తెప్పెక్కించుకునేవాడు. కూతుర్ని ఒడ్డునే ఉంచేవాడు. ఆడపిల్ల తెప్ప మీద కాలు పెడితే వల ఉత్తిగా వస్తుందని ఆయన నమ్మకం. ఒడ్డున ఉన్న దుర్గ చేసేదల్లా తల్లి పోతమ్మ వెనకాల ఆటో ఎక్కి మల్కాపురం వెళ్ళడం, రిఫైనరీ కార్మికుల వీధుల్లో చేపలు కోసి ఇవ్వడం, సాయంత్రం చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా పోని వాసనతో బడిపుస్తకాలు తియ్యడం. సన్నీ మాత్రం సముద్రం మీంచి వచ్చి కబుర్లు చెప్పేవాడు. చెల్లెలు వినేది, ఏడిచేది, మళ్ళీ చెప్పమనేది.

ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా, రేవులో ఉన్న సెయిలింగ్ క్లబ్బు వాళ్ళు జాలరిపేట పిల్లలకి తెరచాప పడవలు నడపడం ఉచితంగా నేర్పుతామన్నారు. గురువులు కొడుకుని పంపాడు. అన్న వెనకాలే దుర్గా నడిచి వెళ్ళింది. అక్కడ నేర్పే రమణమూర్తి నేవీలో చేసి రిటైరైన మనిషి. వరసలో లేని పిల్లని చూసి, "నువ్వెవరమ్మా?" అన్నాడు.

"ఆడి సెల్లెల్ని. నానూ నేర్సుకుంతాను."

"ఈత వచ్చా?"

"ఆడికంటే బాగా వచ్చు. కావలిస్తే ఆడినే అడగండి."

సన్నీ నవ్వాడు. "నిజమే సార్," అన్నాడు. అలా చేరింది.

కొన్నాళ్ళకే తెలిసిపోయింది, ఎవరికి ఏది అబ్బుతుందో. సన్నీకి తెరచాపతో పడలేదు. గాలి కోసం కనిపెట్టుకుని కూర్చోవడం వాడికి విసుగు. ఇంజన్ మోగితే వాడి మొహం వెలిగేది. రెస్క్యూ బోటు తోలడానికి మనిషి కావలసి వస్తే రమణమూర్తి వాణ్ణే పెట్టించాడు, కాంట్రాక్టు మీద. పందేలప్పుడు పడవల పక్కనే తిరుగుతూ, ఎవరైనా బోల్తా పడితే లేవనెత్తడం వాడి పని. దుర్గకి మాత్రం తెరచాపే కావాలి. గాలి మారబోతుంటే నీటి మీద రంగు ముందే ముదురుతుంది. అది చూసి పడవ తిప్పేది. ఒంటిమనిషి నడిపే చిన్న పడవ, ఒక తెరచాప, ఒక తాడు, వెనక చుక్కాని కర్ర. పడవ ఒరిగిపోతుంటే కాళ్ళు లోపలి పట్టీకి తగిలించి, ఒళ్ళంతా బయటికి వాల్చి బరువుతో దాన్ని నిలబెట్టాలి. తొడలు మండిపోయేవి. ఆ మంట ఆమెకి ఇష్టంగా ఉండేది.

రమణమూర్తి నియమాలు నేర్పిన తీరు ఇది. ఒడ్డున తన చెప్పులు రెండూ విప్పి ఇసకలో ఎదురెదురుగా, ఏటవాలుగా పెట్టాడు. టోపీ తీసి దూరంగా పెట్టి, "గాలి అక్కణ్ణుంచి వస్తోంది," అన్నాడు. "ఇవి రెండు పడవలు. ఇలాగే పోతే గుద్దుకుంటాయి. ఎవరు తప్పుకోవాలి?"

"సిన్నోళ్ళు," అన్నాడొకడు.

"ఎనకున్నోళ్ళు," అంది ఇంకొకతె.

"కాదు. గాలి నీ పడవకి కుడిపక్క తగుల్తుంటే దారి నీది. ఎడమపక్క తగుల్తుంటే దారి ఎదుటివాడిది, నువ్వు తప్పుకోవాలి. పెద్దా చిన్నా లేదు. అమ్మాయి, అబ్బాయి లేదు. డబ్బున్నవాడు, లేనివాడు లేదు. దారి ఉన్నవాడు స్టార్‌బోర్డ్, అంటే కుడిపక్క, అని అరవాలి. రెండోవాడు తప్పుకోవాలి."

"రెండిటికీ కుడిపక్కే తగుల్తే?" అంది దుర్గ.

"అప్పుడు గాలి వచ్చే వైపు ఉన్న పడవ తప్పుకోవాలి. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. పడవ తిప్పుతున్నంతసేపూ ఎవరికీ హక్కు లేదు. ఎదుటివాడి ముందు టక్కున తిరిగేసి ఇప్పుడు నాకు కుడిగాలి, దారి నాది అంటే కుదరదు. తిరగడం పూర్తవ్వాలి, వాడు తప్పుకునే జాగా వాడికి ఉండాలి."

ఇంటికొచ్చి ఇదంతా తండ్రికి చెప్పింది. గురువులు వల కుట్టుకుంటూ విన్నాడు. "వలేసి ఉన్నోడికి దారి ఒగ్గాల. మా తెప్పలకి అంతేనమ్మా. ఆటల్లో ఇన్ని రూల్సేటి?" అన్నాడు. అన్నాడు గానీ, కూతురు అన్నం తింటూ కంచం పక్కన రెండు ఉప్పుచేప ముక్కలు పెట్టి పడవల్లా తిప్పుతుంటే చూసి నవ్వాడు కూడా.

అలేఖ్య మధురవాడ నుంచి కారులో వచ్చేది. వాళ్ళ నాన్న దేవీప్రసాద్ అపార్టుమెంట్లు కట్టిస్తాడు. క్లబ్బుకి కొత్త పడవలు కొనిచ్చింది ఆయనే. దుర్గా, అలేఖ్యా ఒక ఈడు పిల్లలు. ఒకరికొకరు పోటీ, మళ్ళీ ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచేది కాదు. అలేఖ్య తెచ్చిన టిఫిన్ బాక్సు ఇద్దరిదీ. దుర్గ నీటి రంగు చూపించి గాలి చదవడం చెబితే, అలేఖ్య ఇంగ్లీషులో ఉన్న నియమాల పుస్తకం చదివి అర్థం చెప్పేది. ఇద్దరూ డిగ్రీకొచ్చారు. దుర్గ రాష్ట్రం తరఫున రెండుసార్లు బయటి ఊళ్ళకి వెళ్ళొచ్చింది. జాతీయ పోటీల్లో పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని రమణమూర్తి అనేవాడు. పోతమ్మ ఆ మాటని మల్కాపురంలో ప్రతి గుమ్మం ముందూ చెప్పుకునేది.

ఆ ఏడు జాతీయ పోటీలకి అమ్మాయిల్లో ఒక్కర్ని ఎంపిక చెయ్యాలి. వరస పందేల్లో దుర్గ ముందుంది. చివరి పందెంలో అలేఖ్య కంటే ముందు చేరితే చాలు.

ఆ పందెం బయట సముద్రంలో జరిగింది. డాల్ఫిన్ నోస్ కొండకి ఇవతల, లంగరేసిన ఓడలకి దూరంగా. గాలి గట్టిగా ఉంది. గాలికెదురుగా ఒక బోయ, నీటి మీద తేలే గుర్తు, ఉంటుంది. దాని చుట్టూ తిరిగి రావాలి. గాలికెదురుగా పడవ తిన్నగా పోదు కదా, వంకరలు తిరుగుతూ, ఒకసారి ఇటు ఒకసారి అటు పోవాలి. దుర్గ కుడిచివర దాకా వెళ్ళి, అక్కడ నీటి రంగు ముదరడం చూసి పడవ తిప్పింది. కుడిపక్క గాలి పట్టుకుంది. చాలాసేపు అదే దారిలో, తాడు బిగించి, ఒళ్ళు బయటికి వాల్చి వచ్చింది. బోయ కనిపిస్తోంది. ఎడమచివర నుంచి అలేఖ్య పడవ వస్తోంది. దాని తెరచాప చూస్తే తెలుస్తుంది, గాలి దానికి ఎడమపక్క. దారి దుర్గది.

"స్టార్‌బోర్డ్!" అని అరిచింది.

అలేఖ్య చూపు బోయ మీద ఉంది. తెరచాప అడ్డం.

"స్టార్‌బోర్డ్! అలేఖ్యా!"

దారి ఉన్న పడవ నిలకడగా తన దారిన పోవాలి. ఎదుటివాళ్ళు తప్పుకోవడం లేదని తేలిపోయాక మాత్రం తనూ గుద్దుకోకుండా చూసుకోవాలి. దుర్గ అలేఖ్య వెనక నుంచి పోదామని చుక్కాని తిప్పింది. అదే క్షణంలో అలేఖ్య తలెత్తి చూసి, భయపడి, దుర్గ వెనక నుంచి పోదామని తిప్పింది. రెండు పడవలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చాయి. అలేఖ్య పడవ మూతి దుర్గ పడవ మీదికెక్కి, పట్టీలో ఇరుక్కున్న ఆమె కుడి మోకాలిని కొట్టింది. దుర్గ నీళ్ళలో పడింది. పైకి లేచేసరికి సన్నీ రెస్క్యూ బోటు పక్కనే ఉంది. వాడే చంకల కింద చేతులేసి లాగాడు. చెల్లెలు వణికిపోతుంటే తన చొక్కా కప్పి, "ఏటీ కాదు, నానున్నాను," అన్నాడు. వాడు అప్పటికి నిజంగానే అన్నాడు.

"సూసేవు కదా అన్నా?" అంది దుర్గ పళ్ళు కొట్టుకుంటుంటే.

"సూసేను."

అలేఖ్య పందెం పూర్తి చేసింది. దుర్గ ఫిర్యాదు చేసింది. సాయంత్రం క్లబ్బు హాల్లో విచారణ. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ముగ్గురు న్యాయనిర్ణేతలు, బల్ల మీద బొమ్మపడవలు. మోకాలికి కట్టు కట్టించుకుని దుర్గ వరండాలో బెంచీ మీద కూర్చుంది. అక్కణ్ణుంచి జెట్టీ కనిపిస్తుంది. జెట్టీ మీద దేవీప్రసాద్ సన్నీ భుజం మీద చెయ్యేసి ఏదో మాట్లాడుతున్నాడు. తన కాలు ఎలా ఉందో అడుగుతున్నాడనుకుంది. మంచి మనిషి, ఆయన ఎప్పుడు కనిపించినా పోతమ్మని కూడా పలకరిస్తాడు.

అలేఖ్య ఉన్నదున్నట్టు చెప్పింది. "నాకు తెరచాప అడ్డమొచ్చింది సార్. తను ఎప్పుడు తిరిగిందో చూడలేదు. చూసేసరికి మీదున్నాను."

దుర్గ తను చాలాసేపటి నుంచి కుడిపక్క గాలితో వస్తున్నానని చెప్పింది. సాక్షి ఉన్నారా అని అడిగారు. "మా అన్న సార్. బోటులో పక్కనే ఉన్నాడు. ఆణ్ణి పిలవండి," అంది. పిలిపించింది తనే.

సన్నీ లోపలికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చూసింది చెప్పమన్నారు.

"దుర్గ ఎడమపక్క గాలితో వత్తా ఉండింది సార్. అలేఖ్య గారి పడవ ముందరికొచ్చి అప్పుడే తిరిగింది."

దుర్గకి ముందు అర్థం కాలేదు. వేరే ఎవరి గురించో చెబుతున్నాడనుకుంది.

"ఎంత దగ్గర్లో తిరిగింది? బొమ్మలు పెట్టి చూపించు," అన్నాడు పెద్దాయన.

సన్నీ బొమ్మపడవలు తీసుకుని పెట్టాడు. ఒకటి పెట్టి, రెండోది దాని మూతి దగ్గరికి జరిపాడు. చేపల ముళ్ళు గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన ఆ వేళ్ళు దాన్ని సరిగ్గా అక్కడే నిలబెట్టాయి.

"సాక్షిని ఏమైనా అడుగుతారా?" అన్నాడు పెద్దాయన దుర్గతో.

"అన్నా, నా మొకం సూసి సెప్పు."

"ప్రశ్న అడగాలమ్మా."

"నాను తిరిగినప్పుడు అలేఖ్య ఎక్కడుంది?"

సన్నీ బల్లనే చూస్తూ, "దగ్గర్లోనే ఉంది," అన్నాడు.

ఆమె ఇంకేం అడుగుతుంది? న్యాయనిర్ణేతలు చెడ్డవాళ్ళు కారు. సొంత అన్న చెల్లెలికి వ్యతిరేకంగా చెబుతున్నాడంటే అబద్ధమెందుకు చెబుతాడనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. విన్నదాన్ని బట్టి చూస్తే వాళ్ళ తీర్పు సరైనదే. ఎదుటి పడవకి తప్పుకునే జాగా ఇవ్వకుండా తిరిగినందుకు ఆ పందెంలో దుర్గని తీసేశారు. జాతీయ పోటీలకి అలేఖ్య వెళ్ళింది.

రమణమూర్తి బయట ఆమెని పట్టుకుని, "నేను ఒడ్డునున్నానమ్మా. అంత దూరం నుంచి ఏం చూశానని చెప్పను?" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. తడి కళ్ళతో దుర్గకేం పని?

ఇంటికి వెళ్ళేసరికి సన్నీ లేడు. పోతమ్మ వేడినీళ్ళు పెట్టి కూతురి కాలు కాపుతూ, "అన్న కదమ్మా, ఒగ్గీ," అంది. అంటే తల్లికి అప్పటికే తెలుసు. దుర్గ తండ్రి వైపు తిరిగింది.

"నాన, నాను తిరిగి సానాసేపైంది. ఆడు పక్కనే ఉండి సూసేడు. ఆడికి తెలుసు."

"తెలుసు," అన్నాడు గురువులు. "ఆడు ఫోన్ సేసి ముందే నన్ను అడిగేడు. దేవీప్రసాద్ బాబు పర్మినెంటు సేయిత్తానన్నాడంట. ఏటి సెయ్యమంతావ్ అన్నాడు."

"నువ్వేటన్నావ్?"

గురువులు బీడీ ఆర్పాడు. "రేపు నీకు పెళ్ళైతే పడవేటి, పందేలేటి? ఆడు ఇల్లు నడపాల. వేటలో ఇంక ఏటుందని? ఈ పడవలో ఉన్నది నువ్వొక్కదానివే కాదు కదే, మేమందరం," అన్నాడు.

దుర్గ లేచి కుంటుకుంటూ వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. పోతమ్మ అన్నం కలిపి తెచ్చింది. తినలేదు. మర్నాడు తింది. ఎన్నాళ్ళు తినకుండా ఉంటుంది?

మోకాలి లోపలి నరం తెగిందన్నారు డాక్టర్లు. నడవగలదు, మెట్లెక్కగలదు. ఒళ్ళు బయటికి వాల్చి పడవని నిలబెట్టే బలం మాత్రం ఆ కాలికి మళ్ళీ రాలేదు. ఒక సీజనంతా ప్రయత్నించింది. గట్టిగాలి వచ్చినప్పుడల్లా పడవ ఒరిగిపోయేది, ముందు తను ఓడించిన చిన్నపిల్లలు పక్క నుంచి దాటిపోయేవారు. ఒకరోజు పడవ ఒడ్డుకి లాగి, తెరచాప చుట్టి, రమణమూర్తితో, "ఇంక అవదు సార్," అంది.

సన్నీకి ఉద్యోగం పర్మినెంటయింది. ఇక్కడ దేవుడు శిక్షించాడని రాస్తే బాగుండును, కానీ అలా జరగలేదు. దేవీప్రసాద్ మాట నిలబెట్టుకున్నాడు. వాడికి యూనిఫాం ఇచ్చారు, పీఎఫ్ వచ్చింది, ఇంటికి స్లాబు పడింది, సంబంధాలు వచ్చాయి. పెళ్ళి ఘనంగా జరిగింది. గురువులు తెప్ప అమ్మేసి ఒడ్డున కూర్చున్నాడు. దుర్గ కాలికి చేయించిన వైద్యం కూడా ఆ ఉద్యోగం మీదే జరిగింది. కొడుకు మంచితనం గురించి పోతమ్మ చెప్పుకునేటప్పుడు ఆ సంగతి తప్పకుండా చెప్పేది. దుర్గ పక్కనే ఉండి వినేది.

కొత్తగా చేరిన పిల్లలకి నేర్పడానికి మనిషి కావలసి వస్తే రమణమూర్తి దుర్గని పెట్టించాడు. ఆమెకి వేరే ఏం పని వచ్చు? ఒప్పుకుంది. పిల్లల పడవల వెనకాల ఒక ఇంజన్ బోటులో వెళ్తూ కేకేసి చెప్పాలి. ఆ బోటు తోలేది సన్నీ.

మొదటిరోజు వాడు బోటు దగ్గర నిలబడి, ఎక్కడానికి చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు. అంచు పట్టుకుని, మోకాలు కలుక్కుమంటున్నా, తనే ఎక్కింది. ఆ తర్వాత వాడు చెయ్యి చాచలేదు. బోటులో వాళ్ళ మధ్య నాలుగైదు మాటలే. ఎడమకి. నెమ్మదిగా. ఆపు. ఎనక్కి. పిల్లలకి మాత్రం గొంతు పోయేలా చెప్పేది. ఇసకలో చెప్పులు పెట్టి కుడిగాలి, ఎడమగాలి చెప్పేటప్పుడు మాత్రం డబ్బున్నవాడు, లేనివాడు అనే మాట వదిలేసేది.

ఒకసారి, పిల్లలందరూ ఒడ్డుకి చేరాక, ఇంజన్ ఆగిపోయి ఇద్దరే నీళ్ళ మీద ఉండిపోయారు. సన్నీ కవర్ విప్పి చూస్తూ చూస్తూ ఆగి, "దుర్గా, ఆరోజు నాను..." అన్నాడు.

"ఇంజన్ సూడు."

"ఒక్కమాట సెప్పనీ."

"సెప్పాల్సిన కాడ సెప్పీసేవు కదా. ఇంజన్ సూడు."

వాడు చూశాడు. ఇంజన్ నడిచింది.

అలేఖ్య జాతీయ పోటీల్లో పదిమందికి వెనకొచ్చింది. తర్వాత సెయిలింగ్ మానేసింది. మధురవాడలోనే ఒక ఐటీ ఆఫీసులో చేరింది. ఒక ఆదివారం జెట్టీ మీదికి వచ్చింది. దుర్గ లైఫ్‌జాకెట్లు కడిగి ఆరేస్తోంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అలేఖ్య అడిగింది.

"మొన్న మా నాన్న ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాను. మీ అన్నయ్యకి ఉద్యోగం... ముందే మాటిచ్చినట్టు. దుర్గా, నిజం చెప్పు. నువ్వు ఆరోజు అప్పుడే తిరిగావా? నేనింతకాలం అదే అనుకున్నాను. తప్పు నీదే, ఒప్పుకోలేకపోతున్నావు అనుకున్నాను."

"ఇప్పుడు తెలిసి ఏటి సేత్తావ్?"

"ఉత్తరం రాస్తాను. అసోసియేషన్‌కి చెబుతాను."

"నా కాలు తెత్తారా ఆళ్ళు?"

అలేఖ్య ఏడ్చింది. దుర్గ ఒక జాకెట్ పిండి ఆరేసి, ఇంకోటి తీసుకుంది. ఓదార్చాలనిపించింది, చెయ్యి సగం దాకా లేచింది కూడా. కానీ ఓదారిస్తే అలేఖ్య తేలికపడి ఇంటికెళ్తుంది. తనకేం మిగులుతుంది? చెయ్యి దించేసింది. అలేఖ్య ఉత్తరం రాసిందో లేదో దుర్గకి తెలియదు, ఎవరూ వచ్చి అడగలేదు. ఆ పిల్ల మళ్ళీ జెట్టీ వైపు రాలేదు.

నిరుడు సన్నీకి కూతురు పుట్టింది. దుర్గ ఆ పిల్లని దించేది కాదు. నీళ్ళు పొయ్యడం, ఉగ్గు పెట్టడం, ఏడిస్తే ఎత్తుకుని ఇసకలో తిప్పడం అన్నీ తనే. ఇంట్లో వాళ్ళు అది చూసి, పోనీలే, మనసు కరిగింది అనుకున్నారు.

పేరు పెట్టేరోజు చుట్టాలొచ్చారు. బియ్యం పోసిన పళ్ళెం ముందు సన్నీ, పెళ్ళాం కూర్చున్నారు. వేలితో పేరు రాయబోతూ సన్నీ తలెత్తి, అందరూ వినేలా, "మా సెల్లి పేరు పెడతన్నాను. సాయిదుర్గ," అన్నాడు. చుట్టాల్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పోతమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

పిల్ల దుర్గ ఒళ్ళోనే ఉంది.

"ఒద్దు," అంది దుర్గ.

"ఏటే?" అన్నాడు గురువులు.

"ఆ పేరు ఒద్దు. నాకున్నవన్నీ ఆడు అట్టుకుపోనాడు. పేరొకటీ నాకు ఒగ్గమను."

చుట్టాల ముందు పరువు పోయిందని గురువులు లేచి కొట్టబోయాడు. మేనమామ పట్టుకున్నాడు. పోతమ్మ, "అన్న పేమతో పెడతంటే అంత కచ్చేటే నీకు? పెట్టి పుట్టలేదు నువ్వు," అని ఏడ్చింది. ఏం జరిగిందో తెలియని చుట్టాలు దుర్గని వింతగా చూశారు. ఆడపడుచుకి అసూయ అనుకున్నారు కొందరు. వదిన వచ్చి ఏమీ అనకుండా బిడ్డని ఆమె ఒళ్ళోంచి తీసుకుంది.

సన్నీ బియ్యం చేత్తో చదును చేశాడు. పెళ్ళాం చెప్పిన పేరు రాశాడు. శ్రీసత్య. రాయడం అయ్యాక ఒక్కసారి చెల్లెలి వైపు చూశాడు. దుర్గ ఆ చూపు కోసం ఆరోజు విచారణ బల్ల దగ్గర ఎంత వేచిందో! ఇప్పుడు దాన్ని అందుకోవాలనిపించలేదు. లేచి, చుట్టాలకి వడ్డన మొదలైందేమో చూడ్డానికి వంటల వైపు వెళ్ళింది.

ఆ మర్నాటి నుంచి వదిన పిల్లని ఆమె చేతికివ్వడం మానేసింది.